వానలు మొదలైనప్పటి నుంచి కైరల్ కాలమ్ రిజల్యూషన్ పడిపోతోంది, తేమ ఎక్కడి నుంచి వస్తోంది?

గామా_సీడీ (హనుమకొండ)
జూలై 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లైపేజ్ ఎంజైమ్‌తో సెకండరీ ఆల్కహాల్స్‌లో కుడి, ఎడమ రూపాలను వేరుచేయడం నా పని. ఏ రూపం ఎంత వచ్చిందో తేల్చేది గ్యాస్ క్రొమటోగ్రఫీయే (జీసీ). మా ల్యాబ్‌లో ఉన్నది ఒక్కటే కైరల్ కాలమ్ (కుడి, ఎడమ రూపాలను విడదీసే సన్నని గొట్టం). ట్రైఫ్లోరోఅసిటైల్ గామా సైక్లోడెక్స్ట్రిన్, 30 మీటర్లు, లోపలి వ్యాసం 0.25 మి.మీ., ఫిల్మ్ 0.12 మైక్రాన్. జనవరిలో వచ్చింది.

మార్చిలో నా రెండు పీకుల మధ్య రిజల్యూషన్ (అవి ఎంత విడిపోయాయో చెప్పే అంకె) 2.3 ఉండేది. జూన్ మూడో వారంలో వానలు పట్టుకున్నాక 1.7కి దిగింది. నిన్న చూస్తే 1.1. పీకులు ముందుకు జరిగాయి, తోకలు సాగుతున్నాయి. తడి చేరిందేమోనని 170 డిగ్రీల దగ్గర రెండుసార్లు కండిషనింగ్ చేశాను (గ్యాస్ పోనిస్తూ వేడిచేశాను). చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పడిపోయింది.

కొత్త కాలమ్‌కు ఇండెంట్ పెడితే నెలలు పడుతుంది. నా చివరి చాప్టర్ అంతా దీని మీదే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చూడాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కాజీపేట_ఎఫ్‌ఐడీ
జూలై 8, రాత్రి 10:15

తమ్మీ, ముందు ఓవెన్ వేడి చేయడం ఆపు. ఈ ఫేజ్‌కు, అంటే కాలమ్ లోపల పూసిన పొరకు, తయారీదారులు ఇచ్చే పైహద్దు 180. నువ్వు దాని అంచు దాకా తీసుకెళ్లావు, అదీ లోపల తడి ఉండగా. తడి, వేడి రెండూ కలిస్తేనే ఈ కాలమ్‌కు చేటు.

ఈ నాలుగూ చూసి చెప్పు. కారియర్ గ్యాస్ (శాంపిల్‌ను కాలమ్‌లో మోసుకెళ్లేది) ఏది, ఏ గ్రేడు? లైన్‌లో మాయిశ్చర్ ట్రాప్ (గ్యాస్‌లోని తేమను పీల్చుకునే గింజల గొట్టం) ఉందా, దాని రంగు ఇప్పుడెలా ఉంది, పొడి గింజల నీలమా, తడిసిన గులాబీయా? రాత్రిపూట జీసీని ఎలా ఆపుతున్నారు? శాంపిల్ ఎలా తయారుచేస్తున్నావు? చివరిది మాత్రం ఒక్క మెట్టు కూడా వదలకుండా రాయి.

గామా_సీడీ
జూలై 9, ఉదయం 11:20

అన్నా, ఇప్పుడే ల్యాబ్‌లో చూసి రాస్తున్నాను.

గ్యాస్ హీలియం, 99.999 శాతం. ట్రాప్ ఉంది. గోడకు బిగించి ఉంది, దాని మీద దుమ్ము పేరుకుపోయింది. తడిగుడ్డతో తుడిచాను. లోపల గింజలు పైనుంచి కింది దాకా గులాబీ రంగులో ఉన్నాయి. ఒక్క నీలం గింజ కూడా లేదు. ఎప్పుడు మార్చారో ల్యాబ్‌లో ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం ఆరింటికి జీసీ ఆపేస్తాం, సిలిండర్ వాల్వ్ కట్టేస్తాం, ఏసీ కూడా ఆపేస్తాం.

శాంపిల్ ఇలా. బఫర్‌లో రియాక్షన్ జరుగుతుంది. 1 మి.లీ. తీసి ఇథైల్ అసిటేట్‌తో ఎక్స్‌ట్రాక్ట్ చేస్తాను. చిటికెడు సోడియం సల్ఫేట్ వేసి పైనున్నది తీసుకుంటాను. దాన్ని ఆరబెట్టి, డైక్లోరోమీథేన్‌లో ట్రైఫ్లోరోఅసిటిక్ ఆన్‌హైడ్రైడ్‌తో డెరివేటైజ్ చేస్తాను (ఆల్కహాల్‌ను ఎస్టర్‌గా మారుస్తాను). నైట్రోజన్ ఊది ఆరబెట్టి, మళ్లీ డైక్లోరోమీథేన్‌లో కరిగించి 1 మైక్రోలీటర్ ఇంజెక్ట్ చేస్తాను. స్ప్లిట్ (శాంపిల్‌లో చాలా భాగాన్ని కాలమ్‌లోకి పోకుండా బయటికి వదిలే దారి) 1:50.

మంచిర్యాల_లెక్చరర్
జూలై 9, మధ్యాహ్నం 1:05

నేను ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతాను. జీసీ మీద రోజూ కూర్చునేవాడిని కాను గానీ, ఈ ఫేజ్‌కు తేమ ఎందుకు పడదో చెప్పగలను.

సైక్లోడెక్స్ట్రిన్ అంటే గ్లూకోజ్ యూనిట్లు వలయంగా చేరిన చక్కెర అణువు. బీటాలో ఏడు, గామాలో ఎనిమిది. చుట్టూ ఉన్న హైడ్రాక్సిల్ గుంపులకు ఏం తగిలిస్తామన్న దాన్ని బట్టి కాలమ్ గుణం మారుతుంది. మీ కాలమ్‌లో తగిలించింది ట్రైఫ్లోరోఅసిటైల్ గుంపు, అంటే ఎస్టర్. పక్కనున్న మూడు ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కోవడంతో ఆ కార్బొనైల్ కార్బన్ బోసిపోయి ఉంటుంది. నీటి అణువు వచ్చి నేరుగా అక్కడే దాడి చేస్తుంది. బంధం తెగితే సైక్లోడెక్స్ట్రిన్ మీద ఖాళీ హైడ్రాక్సిల్ మిగులుతుంది, ట్రైఫ్లోరోఅసిటిక్ యాసిడ్ బయటికొస్తుంది. ఆ యాసిడ్ పక్క ఎస్టర్లు తెగడానికి దారి తీస్తుంది. తోకలు సాగడానికి ఆ ఖాళీ హైడ్రాక్సిల్సే కారణమని నా అనుమానం.

ఇంకొకటి. మీ డెరివేటైజేషన్‌లో మిగిలిన ఆన్‌హైడ్రైడ్, తడి తగిలితే అదే యాసిడ్ అవుతుంది. ఆన్‌హైడ్రైడ్ 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి నైట్రోజన్‌తో పోతుంది. యాసిడ్ 72 డిగ్రీలకు గానీ మరగదు, అందుకని కొంత వెనక ఉండిపోతుంది. మీరు ఇంజెక్ట్ చేసినప్పుడల్లా కాలమ్‌లోకి వెళుతున్నది అదే కావచ్చు.

పసుపుకొమ్ము (నిజామాబాద్)
జూలై 9, సాయంత్రం 6:30

కొంచెం వేరే మాట చెబుతాను. మాది సుగంధ తైలాల క్వాలిటీ ల్యాబ్. ధనియాల నూనెలో కలిపిన కృత్రిమ లినలూల్‌ను పట్టుకోవడానికి కైరల్ కాలమ్ వాడతాం. సహజమైన ధనియాల నూనెలో కుడి లినలూల్ చాలా ఎక్కువ ఉంటుంది. ఫ్యాక్టరీలో చేసినదైతే రెండు రూపాలూ సగం సగం. మాది పర్‌మిథైల్ బీటా సైక్లోడెక్స్ట్రిన్. ఆవిరితో తీసిన నూనె కాబట్టి ఎంత జాగ్రత్తపడ్డా తడి ఉంటుంది. ఒకసారి పొరపాటున అడుగున ఉన్న నీటి పొరే సిరంజిలోకి వచ్చింది. కాలమ్‌కు ఏమీ కాలేదు, రెండు రన్లు కాగానే బేస్‌లైన్ మామూలైంది. తేమ అనగానే కాలమ్ పోయిందని భయపడనవసరం లేదని నా అనుభవం.

మంచిర్యాల_లెక్చరర్
జూలై 9, రాత్రి 8:10

మేడమ్, మీ అనుభవం నిజమే. ఎందుకంటే మీ కాలమ్‌లో ఉన్నది మిథైల్ ఈథర్. ఈథర్‌ను నీళ్లు అలా తెంచలేవు. ఆయనది ఎస్టర్. రెండింటినీ సైక్లోడెక్స్ట్రిన్ కాలమ్ అనే అంటాం గానీ, తేమ విషయంలో వాటికి పోలిక లేదు. మీ కాలమ్ ఓర్చుకున్నదాన్ని ఆయన కాలమ్ ఓర్చుకోదు.

పసుపుకొమ్ము
జూలై 9, రాత్రి 8:25

అర్థమైంది సార్. పేరులో ఒక్క గుంపు మారితే ఇంత తేడా ఉంటుందని నేను ఆలోచించలేదు. గామా_సీడీ తమ్ముడూ, నా మాట నీ కాలమ్‌కు పట్టించుకోకు.

కాజీపేట_ఎఫ్‌ఐడీ
జూలై 9, రాత్రి 11:50

ఆలస్యమైంది, సైట్ నుంచి ఇప్పుడే వచ్చాను. తమ్మీ, నీ జవాబులో మూడు దారులు కనిపిస్తున్నాయి. గ్యాస్, రాత్రి, శాంపిల్. ముందు రాత్రి సంగతి చెబుతాను, అందరూ పట్టించుకోకుండా వదిలేసేది అదే.

సాయంత్రం సిలిండర్ కట్టేసి జీసీ ఆపుతారు. అప్పుడు ఓవెన్ ఇంకా వేడిగానే ఉంటుంది. అది చల్లారుతుంటే కాలమ్‌లోని గ్యాస్ కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ నిండాలంటే ఎక్కడి నుంచో గాలి రావాలి. ఎఫ్‌ఐడీ (హైడ్రోజన్ మంటతో పనిచేసే డిటెక్టర్) పైభాగం గదిలోకి తెరిచి ఉంటుంది, కాలమ్ కొస దాని జెట్‌లోనే ఉంటుంది. అక్కడి నుంచే లోపలికి పీలుస్తుంది. ఆ తర్వాత తెల్లవార్లూ తేమ నెమ్మదిగా వ్యాపిస్తూనే ఉంటుంది. మంట కూడా ఆలోచించు. హైడ్రోజన్ మండితే వచ్చేది నీళ్లే. డిటెక్టర్ వేడెక్కకముందే మంట వెలిగిస్తే ఆ నీళ్లు అక్కడే చెమ్మగా పడతాయి. 150 దాటాకే వెలిగించాలి.

లెక్క చూడు. వానాకాలంలో ఏసీ లేని గదిలో 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 80 శాతం తేమ ఉంటే, ఆ గాలిలో నీటి ఆవిరి మిలియన్‌కు దాదాపు 33 వేల భాగాలు. మంచి హీలియంలో మామూలుగా 3 భాగాల లోపే. అంటే గది గాలి పదివేల రెట్లు తడి. అందుకే ఎంత చిన్న లీక్ ఉన్నా, ఎంత చిన్న సందు తెరుచుకున్నా తక్కువ అంచనా వేయొద్దు. లైన్‌లో ప్రెషర్ ఉంది కదా, లోపలికి ఎలా వస్తుందని అడుగుతారు. లీక్ ఉన్నచోట హీలియం బయటికి పోతూనే ఉంటుంది, నీటి ఆవిరి లోపలికి వస్తూనే ఉంటుంది. తేమ లోపల తక్కువ, బయట ఎక్కువ, దానికి ఆ తేడా చాలు.

2023 జూలై చివర్లో ములుగు దగ్గర లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 64 సెంటీమీటర్లు దాటి వాన పడింది గుర్తుందా? ఆ వారం నేను చూసే ఒక ల్యాబ్‌లో రెండు రోజులు కరెంటు లేదు. తలుపు తీసేసరికి కిటికీ అద్దాల మీద లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. జీసీలో కైరల్ కాలమ్ అలాగే ఉంది. అక్కడి టెక్నీషియన్ హడావుడిగా ఆన్ చేసి ఓవెన్‌ను నేరుగా 150కి పెట్టాడు. గ్యాస్ ఇంకా సరిగ్గా అందలేదు. ఆ కాలమ్ ఇక లేవలేదు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, ఎవరూ చెప్పలేదు.

అందుకని ఓవెన్ 40కి దిగేదాకా గ్యాస్ ఆపొద్దు. అసలు రాత్రంతా ఆపకపోవడమే మేలు. స్ప్లిట్ మూసి, కాలమ్‌లో నిమిషానికి అర మి.లీ. పోయేలా ఉంచితే తెల్లారేదాకా అర లీటరు కూడా ఖర్చవదు. ఆ పొదుపు కోసం కాలమ్‌ను బలి పెట్టొద్దు. నాలుగు రోజులు వాడకపోతే విప్పి రెండు కొసలనూ కొత్త సెప్టం (ఇంజెక్షన్ సూది గుచ్చే రబ్బరు బిళ్ల) ముక్కల్లో గుచ్చి డబ్బాలో పెట్టు. మళ్లీ బిగించేటప్పుడు రెండు వైపులా రెండు సెంటీమీటర్లు కోసెయ్యి, సెప్టం పొడి కొసల్లో ఇరుక్కుంటుంది.

రామగుండం_రెగ్యులేటర్
జూలై 10, ఉదయం 7:15

కాజీపేట అన్న గ్యాస్ గురించి రాయలేదు కాబట్టి నేను రాస్తాను. మాది గ్యాస్ లైన్ల పని.

సిలిండర్‌ను చివరి దాకా వాడొద్దు. ప్రెషర్ తగ్గేకొద్దీ లోపలి గోడకు అంటుకున్న నీళ్లు ఊడి గ్యాస్‌లోకి వస్తాయి. 200 పీఎస్ఐ దగ్గర మార్చేయండి. కొత్త సిలిండర్ బిగించగానే లైన్ తెరవొద్దు. రెగ్యులేటర్‌లో గది గాలి ఉంటుంది. నింపి వదలండి, నింపి వదలండి, అయిదారుసార్లు. ఆ తర్వాతే ట్రాప్ వైపు తెరవాలి.

ట్రాపులు పెట్టేటప్పుడు సిలిండర్ వైపు మాయిశ్చర్ ట్రాప్, దాని తర్వాత ఆక్సిజన్ ట్రాప్. వరస మారిస్తే ఖరీదైన ఆక్సిజన్ ట్రాప్ నీళ్లతో నిండిపోతుంది. పైపు రాగిదే వాడాలి. ప్లాస్టిక్ గొట్టం గోడలోంచే తేమ, ఆక్సిజన్ లోపలికి వస్తాయి. లీక్ వెతకడానికి సబ్బునీళ్లు పూయొద్దు, లీక్ ఉంటే ఆ సబ్బే లోపలికి పోతుంది. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ ఎక్కడైనా అరువు తెచ్చుకోండి.

మోల్‌సీవ్_3ఏ (కరీంనగర్)
జూలై 10, మధ్యాహ్నం 12:40

నాకు శాంపిల్ మీదే అనుమానం. ఇథైల్ అసిటేట్ నీళ్లను బాగా పట్టుకుంటుంది. బఫర్‌తో కలిపి ఊపాక దానిలో నీళ్లు సుమారు 3 శాతం ఉంటాయి. డైక్లోరోమీథేన్ అయితే 0.2 శాతం లోపే, హెక్సేన్ అయితే అంతకన్నా చాలా తక్కువ. నీ ఆల్కహాల్ హెక్సేన్‌లోకి వస్తే అదే వాడు, లేదంటే డైక్లోరోమీథేన్.

రెండోది, చిటికెడు సోడియం సల్ఫేట్ చాలదు. సీసాను వంచి చూడు. పొడి అంతా ముద్దకట్టి అడుగుకు అంటుకుంటే ఇంకా నీళ్లున్నట్టే. మంచులా కదిలే పొడి కొంచెమైనా కనిపించేదాకా వేస్తూ ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట. సోడియం సల్ఫేట్ పది నీటి అణువులను పట్టుకుని ఆరబెడుతుంది, 32.4 డిగ్రీలు దాటితే ఆ హైడ్రేట్ నిలవదు. ఏసీ ఆపిన గదిలో మధ్యాహ్నం ఎండకు 34 ఉంటే అది వేసినా వేయకపోయినా ఒకటే. మన దగ్గర మే, జూన్‌లలో దాన్ని నమ్ముకోవద్దు. 300 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేసి చల్లార్చిన 3ఏ మాలిక్యులర్ సీవ్ గింజలు నాలుగైదు వేసి రాత్రంతా ఉంచు.

ఎవరైనా నీళ్లను నేరుగా ఇంజెక్ట్ చేద్దామనుకుంటే, 1 మైక్రోలీటర్ నీరు 250 డిగ్రీల ఇన్‌లెట్‌లో 10 పీఎస్ఐ దగ్గర సుమారు 1.4 మి.లీ. ఆవిరి అవుతుంది. ఇన్‌లెట్ లోపలి గాజు గొట్టం, అంటే మామూలు 4 మి.మీ. లైనర్, మొత్తం పట్టేది ఒక మి.లీ. లోపే. అదే 1 మైక్రోలీటర్ హెక్సేన్ అయితే 0.2 మి.లీ. ఆవిరే. లైనర్‌లో పట్టని నీటి ఆవిరి వెనక్కి, గ్యాస్ లైన్‌లోకి, సెప్టం అడుక్కి పోయి అక్కడ చల్లబడి కూర్చుంటుంది. తర్వాతి పది రన్లకు కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది.

గామా_సీడీ
జూలై 10, రాత్రి 10:05

ఈరోజు ఒకటి కళ్లారా చూశాను. వెంటనే రాయాలనిపించింది.

డెరివేటైజేషన్ అయ్యాక ఎప్పటిలాగే వయల్‌లోకి నైట్రోజన్ ఊదుతున్నాను. డైక్లోరోమీథేన్ ఆవిరవుతుంటే వయల్ చేతికి చల్లగా తగిలింది. రెండు నిమిషాలకు బయట గాజు మంచు పట్టినట్టు తెల్లబడింది. ఇన్నాళ్లూ అంతవరకే చూసి టిష్యూతో తుడిచేసేవాణ్ని. ఈరోజు టార్చ్ వేసి మెడ లోపలికి చూశాను. లోపల కూడా ఉంది. మెడ అంచు కింద ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు వరసగా ఉన్నాయి. ఊదడం ఆపగానే రెండు చుక్కలు కలిసి కిందికి జారాయి, నా శాంపిల్‌లోకి.

ఫ్రిజ్‌లోంచి తీసిన ఆన్‌హైడ్రైడ్ సీసాను కూడా నేను చల్లగా ఉండగానే తెరుస్తున్నాను.

మోల్‌సీవ్_3ఏ
జూలై 10, రాత్రి 10:30

అయితే దొరికింది. సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, అరగంట పడుతుంది. వయల్‌ను 35 డిగ్రీల ఇసుకలో గానీ అల్యూమినియం బ్లాక్‌లో గానీ పెట్టి నైట్రోజన్ మెల్లగా ఊదు. చివరి చుక్క దాకా ఆరబెట్టకు, నీ ఎస్టర్ కూడా ఎగిరిపోతుంది. మిగిలిన యాసిడ్ పోవాలంటే డైక్లోరోమీథేన్‌లో ఉండగానే చల్లటి పలచని బైకార్బొనేట్‌తో ఒక్కసారి త్వరగా కడుగు. ఎక్కువసేపు ఊపితే నీ డెరివేటివ్ కూడా ట్రైఫ్లోరోఅసిటేటే కదా, అదీ తెగుతుంది. కడిగాక సీవ్ గింజలు వేయి.

కొత్తగా_వచ్చా
జూలై 11, ఉదయం 9:20

మా దగ్గర కారియర్ గ్యాస్‌కు హైడ్రోజన్ జనరేటర్ ఉంది. దానికీ ఇవే జాగ్రత్తలా?

రామగుండం_రెగ్యులేటర్
జూలై 11, ఉదయం 9:45

ఇంకా ఎక్కువ కావాలి. అది నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ చేస్తుంది కాబట్టి తడిగానే పుడుతుంది. లోపలి డ్రయర్ కార్ట్రిడ్జ్‌ను వారానికోసారి చూడండి, బయట ఇంకో మాయిశ్చర్ ట్రాప్ పెట్టండి.

కాజీపేట_ఎఫ్‌ఐడీ
జూలై 11, రాత్రి 9:00

గామా_సీడీ తమ్మీ, ఇప్పుడు ఆ కాలమ్‌ను ఏం చేయాలో చెబుతాను. పూర్తిగా బాగవుతుందని మాట ఇవ్వలేను. సార్ చెప్పినట్టు తెగిన ఎస్టర్ మళ్లీ అతుక్కోదు. నీ కాలమ్ గోడకు పూసిన ఫేజ్ మొత్తం ఎంతో తెలుసా? 30 మీటర్ల పొడవునా కలిపి 3 మైక్రోలీటర్లు కూడా ఉండదు. సిరంజిలో మూడు గీతలు. పోయింది ఎంతైనా తిరిగి తెచ్చుకోలేం, మిగిలింది కాపాడుకోవాలి.

ట్రాప్ మార్చు. ఇన్‌లెట్ వైపు 40 సెంటీమీటర్లు కోసెయ్యి, యాసిడ్ దెబ్బ ఎక్కువ తగిలేది అక్కడే. కొత్త లైనర్, కొత్త సెప్టం, కొత్త ఫెర్రుల్. డిటెక్టర్ వైపు కొస వదులుగా ఉంచి, వేడి చేయకుండా రాత్రంతా గ్యాస్ పోనీ. పొద్దున నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 120 దాకా తీసుకెళ్లి రెండు గంటలు ఆపు. అంతకు మించి వద్దు. ముందు భాగానికి డీయాక్టివేట్ చేసిన ఖాళీ సిలికా గొట్టం ఒక మీటరు గార్డ్‌గా అతికించు. ఇక నుంచి దెబ్బలు దానికి తగులుతాయి, నెలకోసారి మార్చుకోవచ్చు.

లైన్ పొడిగా ఉందో లేదో తేల్చుకోవాలంటే, మీ డిపార్ట్‌మెంట్‌లో జీసీ-ఎంఎస్ (మాస్ స్పెక్ట్రోమీటర్ కలిపిన జీసీ) ఉంటే ఇదే సిలిండర్, ఇదే ట్రాప్ దానికి పెట్టి 18 (నీరు), 28 (నైట్రోజన్), 32 (ఆక్సిజన్) ద్రవ్యరాశులు చూడు. 28, 32 కలిసి నాలుగుకు ఒకటి నిష్పత్తిలో లేస్తే గాలి లీక్. 18 ఒక్కటే లేస్తే లీక్ కాదు, లోపల నీళ్లున్నాయి.

గామా_సీడీ
ఆగస్టు 2, సాయంత్రం 7:50

మూడు వారాలు ఏమీ రాయలేదు, క్షమించండి. చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేస్తూ వచ్చాను.

కొత్త ట్రాప్ పెట్టాను. 40 సెంటీమీటర్లు కోశాను. గ్యాస్ రాత్రంతా పోనిచ్చి, అన్న చెప్పినంత మెల్లగా 120 దాకా వేడిచేశాను. రిజల్యూషన్ 1.1 నుంచి 1.4కి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. పది రోజులుగా రోజూ పొద్దున రేసెమిక్ (రెండు రూపాలూ సగం సగం ఉన్న) శాంపిల్ ఒకటి ఇంజెక్ట్ చేసి రాసుకుంటున్నాను. 1.38, 1.41, 1.40, ఇలాగే ఉంది. ఇంకా పడిపోవడం లేదు, అదే నాకు పెద్ద ఊరట.

మా సీనియర్ అక్క ఒకరు ఓవెన్ ప్రోగ్రాం మార్చి చూడమన్నారు. ఉష్ణోగ్రత తగ్గితే రెండు రూపాల మధ్య తేడా పెరుగుతుందని చెప్పారు. 90 బదులు 75 దగ్గర మొదలుపెట్టి, నిమిషానికి 2 డిగ్రీల బదులు 1 డిగ్రీ పెంచాను. రన్ 22 నిమిషాల నుంచి 41కి పెరిగింది. రిజల్యూషన్ 1.6 అయింది. బేస్‌లైన్ దాకా విడిపోతున్నాయి. చాప్టర్‌కు ఇది సరిపోతుందని మా గైడ్ సార్ ఒప్పుకున్నారు. జూన్ చివరి వారం డేటా మాత్రం పక్కన పెట్టేసి మళ్లీ చేస్తున్నాను.

సిలిండర్ రాత్రి కట్టొద్దని సెక్యూరిటీ అన్నకు, ఏసీ చూసే అన్నకు ఇద్దరికీ చెప్పాను. రామగుండం అన్నా, సిలిండర్ సంగతి కూడా చూశాను. వచ్చిన కొత్తది బిగించి చూస్తే జీసీ-ఎంఎస్‌లో 18 ఎక్కువగా వచ్చింది, తిప్పి పంపాం, మార్చి ఇచ్చారు.

మంచిర్యాల_లెక్చరర్
ఆగస్టు 2, రాత్రి 8:30

చాలా సంతోషం. మీ రోజువారీ రేసెమిక్ లెక్క థీసిస్‌లో అనుబంధంగా పెట్టండి. కాలమ్ ఆ రోజుల్లో స్థిరంగా ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పసుపుకొమ్ము
ఆగస్టు 2, రాత్రి 9:10

తమ్ముడూ, నీ పోస్ట్ చదివాక మా ల్యాబ్‌లో ట్రాప్ చూశాను. సగం దాకా గులాబీ. రేపు మారుస్తున్నాం. పర్‌మిథైలే అయినా సరే.

కాజీపేట_ఎఫ్‌ఐడీ
ఆగస్టు 2, రాత్రి 9:25

ట్రాప్ మార్చిన తేదీ చిన్న కాగితం మీద రాసి దానికే అతికించండి, ఇద్దరూ. గింజల రంగు ఎక్కడి దాకా వచ్చిందో పెన్నుతో గీత కూడా గీయండి. వచ్చే నెల ఎవరు చూసినా తెలుస్తుంది.

గామా_సీడీ
ఆగస్టు 3, ఉదయం 10:10

అతికించాను అన్నా. ఆగస్టు 3, నీలం పూర్తిగా.